వెన్నుపూసలో స్క్రూ: థియేటర్ తెర ఏం చూపుతుంది, ఏం దాస్తుంది

సంక్షిప్తంగా: విరిగిన, జారిన వెన్నుపూసలను నిలబెట్టే స్క్రూలు వెన్నుపాముకు కొన్ని మిల్లీమీటర్ల దూరం నుంచి లోపలికి వెళతాయి. వాటికి దారి చూపడానికి ఆపరేషన్ థియేటర్లలో ముఖ్యంగా రెండు రకాల బొమ్మలు వాడుతున్నారు. సీ-ఆర్మ్ ఎక్స్‌రే అసలు స్క్రూనే చూపుతుంది, అయితే నీడగా చూపుతుంది. త్రీడీ స్కాన్ మీద నడిచే నావిగేషన్ (సర్జన్ పరికరానికి కంప్యూటర్ దారి చూపే పద్ధతి) తేటగా చూపుతుంది, అయితే లెక్కకట్టి చూపుతుంది. పొరపాటుకు రెండింటిలోనూ చోటుంది, అది వచ్చే తోవలే వేరు. రాయలసీమ జిల్లాల రోగులు ఈ తేడా తెలుసుకుంటే ఎక్కడ చేయించుకోవాలన్న నిర్ణయం కొంత తేలికవుతుంది.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో వెన్ను విరిగి ఆసుపత్రికి చేరేవారి ఉదంతాలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. చింతచెట్టెక్కి కాయ దులుపుతుంటే కొమ్మ విరిగి పడినవారు, సెంట్రింగ్ పనిలో పరంజా మీంచి జారినవారు, ట్రాక్టర్ బోల్తా పడితే కింద చిక్కుకున్నవారు, 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణంలో దెబ్బతిన్నవారు. సీటీ, ఎమ్మారై చూసి "రాడ్లు, స్క్రూలు వేయాలి" అని డాక్టరు చెప్పగానే ఇంటివాళ్ల మధ్య చర్చ మొదలవుతుంది. ఇక్కడే చేయించాలా, హైదరాబాదో బెంగళూరో తీసుకుపోవాలా? అక్కడ కంప్యూటర్ చూపించే దారిలో స్క్రూ దిగుతుందట, ఇక్కడ ఉన్నది ఎక్స్‌రే మాత్రమేనట.

ఈ మాటల్లో నిజం లేకపోలేదు. అయితే "ఏ యంత్రం ఉంది" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు సగం విషయమే చెబుతుంది. ఆ యంత్రం తీసే బొమ్మ ఏ రకమైనదో, అది ఎప్పుడు తీసిందో, దాన్ని ఎలా చదివారో అన్నవి మిగతా సగం.

పెన్సిల్ మందమంత దారి

వెన్నెముకలో మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉంటాయి. ప్రతి పూసకూ ముందు భాగంలో డబ్బా లాంటి గుండ్రటి దిమ్మె ఉంటుంది, బరువు మోసేది అదే. వెనుక భాగంలో కమాను, ముళ్లలాంటి పొడవాటి ఎముకలు ఉంటాయి. వీపు నిమిరితే వేళ్లకు తగిలేవి ఆ ముళ్లే. ముందు దిమ్మెనూ వెనుక కమానునూ కలుపుతూ కుడిఎడమల రెండు పొట్టి ఎముక వంతెనలున్నాయి. వాటినే పెడికిల్ అంటారు. కాయను కొమ్మకు పట్టి ఉంచే కాడ లాంటిదన్నమాట. ఆ రెండు కాడల మధ్య ఉన్న ఖాళీలోంచే వెన్నుపాము కిందికి దిగుతుంది. పెద్దవారిలో అది మొదటి, రెండవ నడుము పూసల దగ్గర ముగిసి, అక్కడి నుంచి నరాల కుచ్చుగా సాగుతుంది.

స్క్రూ వెనుక నుంచి ఈ కాడలోపలిగా ప్రయాణించి ముందు దిమ్మెలో పాతుకోవాలి. కాడకు లోపలి వైపున వెన్నుపాము ఉంటుంది. కింది అంచును ఆనుకుని కాలికి వెళ్లే నరం బయటికి వస్తుంది. వీపు భాగంలోనైతే బయటి వైపున ఊపిరితిత్తి పొర ఉంటుంది, దిమ్మెకు ముందు ఎడమ పక్కగా గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉంటుంది. అంటే స్క్రూ ఏ వైపు తప్పినా అక్కడ ముఖ్యమైనదేదో ఒకటి కాచుకుని ఉంటుంది.

కొలతలు చూస్తే ఇబ్బంది ఇంకా స్పష్టమవుతుంది. నడుములో సాధారణంగా వాడే స్క్రూ మందం 6 నుంచి 7 మిల్లీమీటర్లు, దాదాపు పెన్సిల్ అంత. అయిదవ నడుము పూస కాడ 15 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు ఉండవచ్చు. అదే వీపు మధ్యలో, నాలుగు నుంచి ఆరవ పూస వరకు, కాడ వెడల్పు చాలామందిలో 4, 5 మిల్లీమీటర్లే. 2001లో వచ్చిన ఒక లెక్క ప్రకారం అయిదవ నడుము పూసలో స్క్రూ 3.8 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా, 12.7 డిగ్రీలు వంగినా ఎముకలోనే ఉండగలదు. అయిదవ వీపు పూసలో ఆ వెసులుబాటు సున్నా. ఒకే రోగి వీపులో ఒక అడుగు పైకి వెళ్లేసరికి పని స్వభావమే మారిపోతుందని ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఎత్తు మీంచి పడినవారిలో ఎక్కువగా విరిగేది వీపు, నడుము కలిసే చోటు, ముఖ్యంగా పన్నెండవ వీపు పూస, మొదటి నడుము పూస. పక్కటెముకల పంజరంతో బిగుసుకున్న వీపు ఒక వైపు, వంగే స్వేచ్ఛ ఉన్న నడుము మరో వైపు, దెబ్బ ధాటి అంతా ఆ అతుకు మీద పడుతుంది. కాడల వెడల్పు కూడా ఇక్కడ మధ్యస్థంగా ఉంటుంది, అయిదవ నడుము పూస ఇచ్చే ఉదారత ఉండదు.

బోరు వేసేవాడి చెవి, సర్జన్ వేళ్లు

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన రోయ్-కమీ 1963లో కాడలోపలిగా స్క్రూలు వేయడం మొదలుపెట్టి, 1970లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. అప్పట్లో త్రీడీ బొమ్మలు లేవు. సీటీ స్కాన్‌తో మొదటి రోగిని పరీక్షించిందే 1971లో. ఎముక మీది గుర్తులు, వేళ్ల స్పర్శ, అప్పుడప్పుడు ఒక ఎక్స్‌రే, ఇవే ఆధారాలు.

అనంతపురం పల్లెల్లో బోరు వేయడం చూసినవారికి ఆ చేతి పద్ధతి సులువుగా అర్థమవుతుంది. బోరు లారీ దగ్గర నిలబడిన అనుభవజ్ఞుడు భూమిలోకి చూడలేడు. మోత మారితే రాయి మారిందంటాడు, పైకొచ్చే పొడి రంగు చూసి పొర పేరు చెబుతాడు, రాడ్డు ఒక్కసారిగా జారితే కింద నెర్రె ఉందంటాడు. సర్జన్ కూడా మొనదేలిన పరికరాన్ని కాడలోకి తిప్పుతూ దించేటప్పుడు అదే పని చేస్తారు. లోపలి ఎముక స్పాంజిలా కరకరమంటూ దారినిస్తుంది. గోడ తగిలితే గట్టిగా ఆగుతుంది. ఒక్కసారిగా జారిపోతే గోడ చిల్లుపడిందని అనుమానించాలి. ఆ తర్వాత కొన గుండ్రంగా ఉన్న సన్నటి కడ్డీని రంధ్రంలోకి పంపి నాలుగు గోడలూ, అడుగూ తడిమి చూస్తారు. వెన్నుపాము చుట్టూ ఉండే తేట ద్రవం చిమ్మినా, రక్తం ధారగా వచ్చినా అది హెచ్చరికే.

పోలిక ఒక చోట తెగిపోతుంది. బోరు తప్పితే పక్కన ఇంకొకటి వేస్తారు, సీమలో అదెన్నిసార్లు జరుగుతుందో చెప్పనక్కరలేదు. కాడలో రెండో దారి తవ్వితే మొదటి రంధ్రం ఎముక పట్టును ముందే తగ్గించి ఉంటుంది.

అనుభవం పండిన చేతుల్లో ఈ స్పర్శ పద్ధతి నేటికీ మంచి ఫలితాలే ఇస్తోంది. కాకపోతే స్పర్శ ఎముక నాణ్యత మీద ఆధారపడుతుంది, ఎముకలన్నీ ఒకేలా ఉండవు. పెద్దవయసులో గుల్లబారిన ఎముకలో గోడకూ స్పాంజికీ తేడా చేతికి తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు ఏళ్ల తరబడి తాగినవారిలో సమస్య తిరగబడుతుంది. ఎముక సాంద్రత పెరిగి అంతా గట్టిగానే తగులుతుంది. కీళ్ల చుట్టూ ఎముక పేరుకుని, పూసలను కట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) కూడా ఎముకగా మారి, స్క్రూ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు కప్పుకుపోతాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ పాతకాలపు సమస్య కాబట్టి ఇక్కడ దీన్ని అరుదైన సంగతిగా కొట్టిపారేయలేం. వెన్ను క్షయలోనూ పూస తినేసిపోయి ఆకారం మారిపోతుంది, స్క్రూలను సాధారణంగా పైనా కిందా ఉన్న మంచి పూసల్లో వేయాల్సి వస్తుంది.

తోలుబొమ్మల తెర

సీ అక్షరం ఆకారంలో వంగిన చేయి, దాని ఒక కొసన ఎక్స్‌రే గొట్టం, రెండో కొసన బొమ్మను పట్టే డబ్బా, పక్కన తెర. 1955 నుంచీ వాడుకలో ఉన్న ఈ సీ-ఆర్మ్ యంత్రం ఈరోజు జిల్లా కేంద్రాల్లో ఎముకల ఆపరేషన్ థియేటర్లన్నింటికీ ఆయువుపట్టు. మోకాలి నుంచి వెన్నుదాకా అన్నింటికీ ఇదే వాడతారు.

ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుమోసిన ఊరు. ఆ ఆట చూసినవారికి సీ-ఆర్మ్ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. వెనుక దీపం, మధ్యలో బొమ్మ, ముందు తెల్లటి తెర. దీపం స్థానంలో ఎక్స్‌రే గొట్టాన్నీ, బొమ్మ స్థానంలో రోగినీ, తెర స్థానంలో డబ్బానూ ఊహించుకుంటే చాలు. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే నీడ స్పష్టంగా పడుతుంది, దీపం వైపు లాగితే పెద్దదై మసకబారుతుంది. థియేటర్‌లోనూ డబ్బాను రోగికి వీలైనంత దగ్గరగా తేవాలని చెప్పేది అందుకే. దానివల్ల రోగి మీద పడే కిరణాల మోతాదు కూడా తగ్గుతుంది.

తోలుబొమ్మలాటలో రెండు బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడితే ఏది ముందుందో, ఏది వెనకుందో ప్రేక్షకుడికి తెలియదు. సీ-ఆర్మ్ పరిమితి సరిగ్గా ఇదే. పక్క నుంచి తీసిన బొమ్మలో కుడి కాడ, ఎడమ కాడ ఒకదానిమీద ఒకటి పడతాయి. స్క్రూ కాడలోనే ఉందా, లేక దాని పక్కగా వెన్నుపాము ఉన్న ఖాళీలోకి దిగిందా అన్నది ఆ ఒక్క బొమ్మ చెప్పలేదు, రెండు సందర్భాల్లోనూ నీడ ఒకే చోట పడుతుంది. ఎదురుగా తీసిన బొమ్మలో కుడిఎడమలు తెలుస్తాయి కానీ లోతు తెలియదు. అందుకే రెండు బొమ్మలనూ కలిపి, అదీ ఒక వరుసలో చదవాలి.

ఆ వరుస ఇలా ఉంటుంది. ఎదుటి బొమ్మలో కాడ ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు వలయంలా కనిపిస్తుంది. పరికరం మొన ఆ వలయం బయటి అంచు దగ్గర మొదలై, లోపలికి దిగేకొద్దీ మధ్యకు జరుగుతుంది. ఇక్కడ కీలకం ఏమిటంటే, మొన వలయం లోపలి అంచును చేరకముందే పక్క బొమ్మలో అది కాడను దాటి దిమ్మె వెనుక గోడలోకి ప్రవేశించి ఉండాలి. కాడ పొడవు ముగిసిపోయింది కాబట్టి ఆ తర్వాత లోపలి అంచు దాటినా ముప్పు లేదు, అక్కడున్నది దిమ్మె ఎముకే. దీనికి భిన్నంగా, మొన ఇంకా కాడ మధ్యలో ఉండగానే ఎదుటి బొమ్మలో లోపలి అంచు దాటిపోయిందంటే అది వెన్నుపాము వైపు చొచ్చుకుపోయినట్టే. ఒకే ఎక్స్‌రే చూసి "బాగుంది" అనుకుంటే ఈ తేడా జారిపోతుంది.

బొమ్మ నిటారుగా తీయడం కూడా అంతే ముఖ్యం. వెనుక ముల్లు రెండు వలయాలకూ సమాన దూరంలో, సరిగ్గా నడుమన కనిపించాలి. దిమ్మె పైఅంచు రెండు గీతలుగా విడిపోకుండా ఒకే గీతగా పడాలి. చేయి అయిదు డిగ్రీలు పక్కకు వాలితే చాలు, నాలుగు సెంటీమీటర్ల లోతు ప్రయాణంలో అంచనా మూడున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. ఇరుకు కాడలో అది మొత్తం వెసులుబాటును మింగేస్తుంది. చూస్తున్న పూస తెర అంచున కాకుండా నడుమన ఉండాలి, అంచుల్లో నీడ ఏటవాలుగా సాగుతుంది.

దిమ్మె ముందు వైపు మరో మాయ ఉంది. దాని ముందు అంచు గుండ్రంగా ఉంటుంది. పక్క బొమ్మలో కనిపించేది అందులో అన్నింటికన్నా ముందుకు పొడుచుకొచ్చిన మధ్య భాగం అంచు. పక్కగా వెళ్లిన స్క్రూ కొన నిజానికి ఎముక బయటికి వచ్చేసినా, తెర మీద లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి స్క్రూను ఆ అంచుదాకా పంపకుండా బాగా ముందే ఆపుతారు.

ఇన్ని మాయలున్నా సీ-ఆర్మ్ చేసే ఒక పనికి సాటి తక్కువ. ఏ పూసలో ఉన్నామో లెక్కపెట్టడం. కింది నుంచి పైకి, త్రికాస్థి (నడుము పూసల కింద ఉండే ఎముక) దగ్గర మొదలుపెట్టి ఎంచుకుంటూ రావాలి. కొందరికి అయిదవ నడుము పూస త్రికాస్థితో సగం అతికి ఉంటుంది, అలాంటివారిలో లెక్క ఒకటి తప్పే అవకాశం ఉంటుంది. స్క్రూ ఎంత చక్కగా దిగినా వేరే పూసలో దిగితే ప్రయోజనం లేదు.

ఇక వీపు పైభాగానికి వస్తే సీ-ఆర్మ్ చేతులెత్తేస్తుంది. పక్క నుంచి తీసినప్పుడు భుజాలు అడ్డొస్తాయి. స్థూలకాయుల్లో బొమ్మ మసకగా వస్తుంది. గుల్లబారిన ఎముక అంచులు అసలు తేలవు. వెసులుబాటు సున్నా అయిన చోటే బొమ్మ కూడా బలహీనం కావడం ఈ యంత్రం దురదృష్టం.

లెక్కకట్టిన స్క్రూ

ఈ లోటు తీర్చడానికి వచ్చినవే థియేటర్‌లోనే త్రీడీ బొమ్మ తీసే యంత్రాలు. కొన్ని సీ-ఆర్మ్‌లాగే ఉండి రోగి చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరుగుతూ పదుల బొమ్మలు తీస్తాయి. కొన్ని రోగి చుట్టూ పూర్తి వలయంలా మూసుకుని తిరుగుతాయి, వాటిని ఓ-ఆర్మ్ అంటారు. కంప్యూటర్ ఆ బొమ్మలను కలిపి సీటీ స్కాన్ లాంటి అడ్డుకోతలు చూపిస్తుంది. కాడ నాలుగు గోడలూ అప్పుడు విడివిడిగా కనబడతాయి.

దీనికి నావిగేషన్ జతచేస్తే మరో అడుగు పడుతుంది. రోగి వెన్నుపూస ముల్లుకో తుంటి ఎముకకో ఒక చిన్న చట్రాన్ని గట్టిగా బిగిస్తారు, దానికి మెరిసే గుళ్లు (చిన్న గోళీలు) ఉంటాయి. సర్జన్ చేతిలోని పరికరానికీ అలాంటి గుళ్లే ఉంటాయి. పరారుణ కెమెరా ఈ రెండింటినీ చూస్తూ, చట్రానికి పరికరం ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో లెక్కకట్టి, కొద్దిసేపటి క్రితం తీసిన త్రీడీ బొమ్మ మీద పరికరం గీతను గీస్తుంది. 1990ల నడుమ మొదలైన ఈ పద్ధతికి తర్వాత రోబో చేతులు కూడా తోడయ్యాయి.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. తెర మీద కదిలే స్క్రూ అసలు స్క్రూ ఫోటో కాదు. పాత బొమ్మ మీద కంప్యూటర్ వేసిన అంచనా. చట్రం ఎముకకు కదలకుండా ఉన్నంతసేపూ ఆ అంచనా అద్భుతంగా నిజమవుతుంది. ఎవరి మోచేయో తగిలి చట్రం రెండు మిల్లీమీటర్లు కదిలిందనుకుందాం, తెర ఏ మాత్రం తడబడదు. అదే ధీమాతో, అదే తేటతనంతో తప్పు దారి చూపిస్తూ పోతుంది. సీ-ఆర్మ్ బొమ్మ మసకగా ఉంటే చూసేవారికి అనుమానం వస్తుంది. నావిగేషన్ తెర మీద అనుమానం రావడానికి ఆధారమే కనిపించదు.

చట్రం కదలకపోయినా ఇతర తోవల్లో పొరపాటు దూరుతుంది. బలంగా నొక్కి స్క్రూ తిప్పితే ఆ పూస కొద్దిగా కిందికి నొక్కుకుపోతుంది, పక్కకు తిరుగుతుంది. విరిగిన వెన్నులో ఈ కదలిక మరీ ఎక్కువ. నాలుగు పూసల అవతల బిగించిన చట్రానికి ఆ సంగతి తెలియదు. ఏటవాలు ఎముక మీద డ్రిల్ మొన జారితే రోబో చేయి కూడా జారిన చోటునే పట్టుకుంటుంది. శ్వాసతో వీపు లేస్తూ పడుతూ ఉంటుంది. కెమెరాకూ గుళ్లకూ మధ్య ఎవరైనా నిలబడితే లెక్క ఆగిపోతుంది, అది కనీసం తెలిసిపోయే లోపం. వీటికి విరుగుడు ఒక్కటే, నడుమ నడుమ పరికరం మొనను ఎముక మీది తెలిసిన గుర్తుకు తాకించి తెర కూడా అదే చోటు చూపుతోందా అని సరిచూసుకోవడం. నిమిషం కూడా పట్టని పని. అది చేసే థియేటర్‌లో యంత్రం విలువ రెట్టింపవుతుంది.

ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీని వాడే నావిగేషన్ కూడా ఉంది. అయితే సీటీలో రోగి వెల్లకిలా పడుకుంటాడు, బల్ల మీద బోర్లా పడుకుంటాడు. పూసల మధ్య వంపు మారుతుంది, అందువల్ల ఒక్కో పూసనూ విడిగా సరిపోల్చుకోవాలి. థియేటర్‌లోనే, అదే భంగిమలో స్కాన్ తీస్తే ఈ బెడద చాలావరకు పోతుంది.

శాతాలను ఎలా చదవాలి

2007లో 130 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 37,337 స్క్రూలను లెక్కించిన విశ్లేషణ ఒకటి వెలువడింది. మొత్తం మీద 91.3 శాతం సరిగా ఉన్నాయి. రోగుల్లో వేసిన స్క్రూల వరకు విడిగా చూస్తే నావిగేషన్ లేకుండా మధ్యగత విలువ 90.3 శాతం, నావిగేషన్‌తో 95.2 శాతం. అయిదు శాతం తేడా చిన్నదిగా అనిపించవచ్చు. తప్పిన స్క్రూల వైపు నుంచి చూస్తే అది వందకు పది నుంచి అయిదుకు, అంటే సగానికి తగ్గడం.

ఇంకో కోణం కూడా ఉంది. ఒక రోగికి ఎనిమిది స్క్రూలు వేశారనుకుందాం. ఒక్కొక్కటీ సరిపోయే అవకాశం 90.3 శాతం అయితే, ఎనిమిదీ సరిపోయే అవకాశం ఒట్టి గణితం ప్రకారం 44 శాతం. 95.2 అయితే 67 శాతం. నిజ జీవితంలో ఒక స్క్రూ ఫలితానికీ ఇంకొకదానికీ సంబంధం ఉంటుంది కాబట్టి ఇది లెక్క కోసం లెక్కే, అయినా "తొంభై శాతం" అన్న మాట వినగానే కలిగే భరోసాను అది కాస్త సర్దుతుంది.

దీనికి ఎదురుగా పెట్టాల్సిన విషయం, తప్పిన స్క్రూలన్నీ హాని చేసేవి కావు. 1990 నుంచి వాడుకలో ఉన్న కొలమానం ప్రకారం కాడలోనే పూర్తిగా ఉన్నది 'ఎ' తరగతి, 2 మిల్లీమీటర్లలోపు బయటికి వచ్చింది బి, 2 నుంచి 4 వరకు సి, 4 నుంచి 6 వరకు డి, ఆపైన ఇ. మొదటి రెండు తరగతులనూ సాధారణంగా ఆమోదయోగ్యంగా పరిగణిస్తారు. ఎముకకూ వెన్నుపాముకూ మధ్య కొవ్వు, ద్రవం ఇచ్చే కొద్దిపాటి ఖాళీ ఉండటమే అందుకు కారణం. ఏ అధ్యయనం ఏ గీత దగ్గర "తప్పు" అన్నదో చూడకుండా రెండు ఆసుపత్రుల శాతాలను పోల్చడం వృథా. తప్పును వెతికిన పద్ధతి కూడా చూడాలి. ఆపరేషన్ తర్వాత సీటీ తీస్తే బయటపడే చిన్న తప్పులు మామూలు ఎక్స్‌రేలో దాక్కుంటాయి. ఎక్స్‌రేతోనే సరిపెట్టుకున్న చోట ఫలితాలు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటాయి!

త్రీడీ స్కాన్ ఇచ్చే అసలు లాభం ఈ శాతాలకన్నా సమయంలో ఉందని చెప్పాలి. గాయం మూసేశాక వార్డులో తీసిన సీటీలో స్క్రూ నరాన్ని ఆనుకుని కనిపిస్తే మళ్లీ మత్తు, మళ్లీ కోత, మళ్లీ ఇన్ఫెక్షన్ భయం. అదే తప్పు బల్ల మీదే దొరికితే ఆ స్క్రూను తీసి దారి మార్చడం కొద్ది నిమిషాల పని.

కిరణాలు ఎవరి మీద పడతాయి

బొమ్మ ఊరికే రాదు. వెన్ను స్క్రూల పనిలో సీ-ఆర్మ్ వాడే సర్జన్ మీద పడే కిరణాలు, అదే యంత్రంతో చేసే ఇతర ఎముకల ఆపరేషన్లతో పోలిస్తే 10 నుంచి 12 రెట్లు ఎక్కువని 2000లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం కొలిచి చూపింది. లోతైన శరీరభాగం కావడం, చేతులు కిరణాలకు దగ్గరగా ఉండటం అందుకు కారణాలు. రోగికి ఇది జీవితంలో ఒకటి రెండుసార్లు. సర్జన్‌కు, నర్సుకు, మత్తు డాక్టర్‌కు, టెక్నీషియన్‌కు ఇది ఉద్యోగం.

అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఈ పనిలో ఉన్నవారికి కిరణాల మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు (ఆ మోతాదును కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. ఈ హద్దులో ఉండటానికి పెద్ద సాంకేతికత అక్కరలేదు. అర మిల్లీమీటరు సీసంతో సమానమైన ఏప్రన్ చెదిరిన కిరణాల్లో తొంభై శాతానికి పైగా ఆపుతుంది. దూరం రెండింతలైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే బొమ్మ తీసే క్షణంలో ఒక అడుగు వెనక్కి వేయడం వృథా కాదు. పక్క బొమ్మ తీసేటప్పుడు గొట్టం వైపు నిలబడకుండా డబ్బా వైపు నిలబడాలి, రోగి శరీరం నుంచి చెదిరే కిరణాలు గొట్టం వైపే ఎక్కువగా ఎగజిమ్ముతాయి. పెడల్ తొక్కిపట్టి సినిమాలా చూడకుండా విడి బొమ్మలు తీసుకోవాలి.

త్రీడీ స్కాన్ వచ్చాక లెక్క మారుతుంది. స్కాన్ తిరిగేటప్పుడు సిబ్బంది సీసపు అడ్డు వెనక్కో గది బయటికో వెళ్లిపోతారు, వారి మోతాదు బాగా తగ్గుతుంది. ఆ భారంలో కొంత రోగి మీదికి మారుతుంది. పెద్దవయసు రోగికి ఇది పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు. గూని సరిచేయించుకునే పన్నెండేళ్ల పాపకు మాత్రం స్కాన్ ఎన్నిసార్లు తిప్పుతున్నారన్నది అడగదగిన ప్రశ్నే.

రెండు వందల కిలోమీటర్ల తూకం

1957 నాటి కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి సొంత జిల్లా నుంచే కాక గద్వాల నుంచి, కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా రోగులు వస్తారు. అనంతపురం, కడపల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీని మొదట అమలు చేసిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో చికిత్సకు ఒక ప్యాకేజీ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది. కోట్ల రూపాయల త్రీడీ స్కానర్ కొన్న ఆసుపత్రి ఆ పెట్టుబడిని కేసుల సంఖ్య మీదే రాబట్టుకోవాలి. వెన్ను ఆపరేషన్లు వందల్లో జరిగే నగరాల్లోకి ఇలాంటి యంత్రాలు ముందు చేరడానికి కారణం ఇదే. సీ-ఆర్మ్ అయితే మోకాలి నుంచి మూత్రపిండంలో రాయి వరకు అన్ని విభాగాలకూ పనికొస్తుంది.

రోగి వైపు తూకం వేరు. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. నడుము నొప్పికి ముందే తేదీ అనుకుని చేయించుకునే ఆపరేషన్ అయితే ఆ దూరం ఖర్చుకు, అలసటకు సంబంధించినది మాత్రమే. నిన్న చెట్టు మీంచి పడి, పూస చితికి, కాళ్లలో బలం తగ్గుతున్న మనిషి విషయంలో దూరం చికిత్సలో భాగమవుతుంది. నిలకడ లేని వెన్నును గట్టి బల్ల మీద కట్టకుండా వెనుక సీటులో పడుకోబెట్టి తీసుకెళితే, ఆ కుదుపుల్లో జరిగే నష్టాన్ని అవతలి నగరపు నావిగేషన్ వెనక్కి తేలేదు. వీపు, నడుము కలిసే చోట సాధారణ విరుపును సీ-ఆర్మ్‌తో తరచూ చేసే బృందం దగ్గరలో ఉంటే అక్కడే త్వరగా చేయించుకోవడంలో తప్పేమీ లేదు.

నగరానికి వెళ్లడమే మేలైన సందర్భాలు కూడా ఉన్నాయి. వీపు పైభాగపు ఇరుకు కాడలు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం ఆనుకుని ఉండే మెడ పూసలు, వంకర తిరిగిన గూని, గతంలో ఆపరేషన్ జరిగి గుర్తులు చెరిగిపోయిన వెన్ను, ఫ్లోరోసిస్‌తో రూపం మారిన పూసలు. చర్మం మీద చిన్న గాట్లతో స్క్రూలు దించే పద్ధతిలో ఎముక కంటికి కనిపించదు, చేతికి పూర్తిగా అందదు, అంతా బొమ్మ మీదే నడుస్తుంది. అక్కడ బొమ్మ నాణ్యతే ఆపరేషన్ నాణ్యత.

ఈ రెంటి నడుమ ఖరీదు తక్కువ దారులు కొన్ని ఉన్నాయి. ముందు తీసిన సీటీలో ప్రతి కాడ వెడల్పునూ కోణాన్నీ కొలిచి కాగితం మీద రాసుకుని థియేటర్‌కు వెళ్లడం అందులో మొదటిది. దిగిన స్క్రూకు స్వల్ప విద్యుత్తు తాకించి కాలి కండరం స్పందనను చూసే పరీక్ష మరొకటి. ఎముక గోడ చెక్కుచెదరకుండా ఉంటే కరెంటు నరాన్ని చేరడానికి ఎక్కువ మోతాదు కావాలి, తక్కువకే కండరం అదిరితే స్క్రూ నరానికి దగ్గరగా ఉందని అనుమానించాలి.

ఇంటివాళ్లు డాక్టర్‌ను అడగదగినవి కూడా యంత్రం పేరు దగ్గర ఆగనక్కరలేదు. ఏ పూసల్లో స్క్రూలు వేస్తున్నారు, అక్కడి కాడ వెడల్పు ఎంత, ఈ చోట ఇలాంటివి ఎంత తరచుగా చేస్తారు, గాయం మూసేముందు రెండు వైపుల నుంచీ బొమ్మ తీసి చూస్తారా, ఆ తర్వాత సీటీ తీస్తారా. డిశ్చార్జి రోజున ఆ చివరి బొమ్మల ప్రతులనూ, స్క్రూలు ఏ లోహంతో చేసినవో రాసిన కాగితాన్నీ అడిగి తీసుకోవాలి. టైటానియం అయితే తర్వాత ఎమ్మారై తీయడానికి సాధారణంగా అడ్డుండదు, స్క్రూల చుట్టూ మాత్రం బొమ్మ చెదురుతుంది. అయిదేళ్ల తర్వాత కాలు లాగుతోందని వేరే ఊరి డాక్టర్ దగ్గరికి వెళితే, స్క్రూ మొదటి నుంచీ అక్కడే ఉందా, తర్వాత వదులై జరిగిందా అని తేల్చడానికి ఆయన ముందుగా అడిగేది ఆ పాత బొమ్మలనే.